సెరెంగెటికి మే నెలలో వెళ్లవచ్చునా?

ప్రశ్న (కావలి నుంచి): 64 ఏళ్ల మా అమ్మగారిని, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయిని వెంటబెట్టుకుని టాంజానియాలోని సెరెంగెటి జాతీయ ఉద్యానవనం చూడాలని సంకల్పించాము. వేసవి సెలవుల్లో వెళ్లడం మంచిదా, దసరా దాకా ఆగడం మేలా? దయచేసి తెలియజేయగలరు.

జవాబు (నెల్లూరు): ఏప్రిల్, మే నెలల్లో అక్కడ పెద్ద వానలు కురుస్తాయండీ. బస ధరలు తగ్గే మాట నిజమే గానీ, నల్లమట్టి దారుల్లో జీపులు దిగబడిపోతాయి. విల్డెబీస్టులు (మందలుగా తిరిగే జింక జాతి పశువులు) మారా నదిని దాటే దృశ్యం చూడాలంటే సుమారు జూలై నుంచి అక్టోబరు దాకా ఉద్యానవనం ఉత్తర కొసన ఉండాలి కనుక, మీకు దసరాయే అనుకూలం. అయితే ఆ మందలకు రైలు వేళలేమీ ఉండవు. గంటల తరబడి ఒడ్డున గుమిగూడి, ముందున్నది దూకకపోతే అన్నీ వెనక్కి మళ్లిపోతాయి. అందుచేత ఉత్తరాన కనీసం మూడు రాత్రులు బస చేయండి.

జవాబు (ఒంగోలు): అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా సంగతి చూడండి. మీ ప్రయాణానికి ఇది తప్పనిసరా అని ముందే కనుక్కోండి; తప్పనిసరైతే, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ధ్రువపత్రం తీసుకోకపోతే, తిరిగి వచ్చినప్పుడు మన విమానాశ్రయంలోనే 6 రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. మీకు దగ్గరలో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ టీకా వేస్తారు. 60 దాటినవారికి దీనివల్ల ఇబ్బందులు తలెత్తే అవకాశం కాస్త ఎక్కువ కనుక, అమ్మగారి విషయం వైద్యుణ్ని అడగకుండా టిక్కెట్లు కొనవద్దు.

జవాబు (కందుకూరు): టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. ఆవకాయ తీసుకెళ్లక తప్పదనుకుంటే స్టీలు డబ్బాలో సర్దండి.