కష్టకాలంలో కొత్త పుస్తకాలు కొనుక్కోవడం తప్పా?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

మా వారికి ఏడాదిగా డయాలసిస్ జరుగుతున్నది. వారానికి మూడు రోజులు, పోయిన ప్రతిసారీ నాలుగు గంటలు యంత్రం పక్కన ఉండాలి. ఇంటి నుంచి బయలుదేరి తిరిగి వచ్చేసరికి ఆ రోజు దాదాపు అయిపోయినట్టే. డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద సాగుతున్నా, పై మందులు, ఆటో కిరాయిలు మా చేతి నుంచే పోతాయి. నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను, ఇంట్లోకి వచ్చే నగదు ప్రస్తుతానికి అదొక్కటే.

ఇంత ఇబ్బందిలోనూ నాకు ఒక అలవాటు పట్టుకున్నది. నెలకు ఒకటో రెండో కొత్త పుస్తకాలు హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటున్నాను. డబ్బు పంపిన రోజు నుంచి పోస్ట్‌మ్యాన్ వచ్చే దాకా నాలుగైదు రోజులు మనసు తేలికగా ఉంటుంది. ఈ ఇంటికి వచ్చే కాగితాలన్నీ ల్యాబ్ రిపోర్టులూ బిల్లులే అయిన కాలంలో, నేను కావాలని కోరుకున్నది, నా పేరు రాసి ఉన్నది ఆ పార్సిల్ ఒక్కటే. మొన్న వచ్చిన పుస్తకంలో నాలుగు పేజీలు పైఅంచున కోత పడక అతుక్కొని ఉంటే, దారాలు తెంపే చిన్న కత్తెర మొనతో చినగకుండా మెల్లగా విడదీశాను. ఆ పది నిమిషాలు నాకు కిడ్నీల రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అన్న మాటే గుర్తుకు రాలేదు.

అయితే తెచ్చిన తొమ్మిదింటిలో రెండే చదివాను. మా ఆడబిడ్డ వచ్చినప్పుడు అరలో వాటిని చూసి, "గిప్పుడు గీ పుస్తకాలెందుకు వదినె, గా పైసలతోని అన్నకు నెలకు సరిపోను గుడ్లు వస్తుండె గదా" అన్నది. ఆమెకు అన్న మీద ప్రేమ ఉన్నది కనుక అన్నది, ఆ మాట తప్పని నేను అనలేను. చదవకుండానే కేవలం కొనడం వల్ల ఇంత ఊరట ఎందుకు కలుగుతున్నది? ఇది మానుకోవలసిన పనేనా? ఇలాంటి రోజులు గడిపినవారు ఉంటే చెప్పగలరు.

మొదటి జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

అమ్మా, నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. నా భార్యకు క్యాన్సర్ చికిత్స జరిగిన పద్నాలుగు నెలలు మేము పాలమూరు నుంచి కాచిగూడకు రైలులో తిరిగాము. ఆమెకు మందు ఎక్కుతున్నంతసేపు నన్ను బయట కూర్చోమనేవారు, నేను పుస్తకాల దుకాణాలుండే కోఠి దాకా వెళ్లి వచ్చేవాణ్ణి. జీవితమంతా పాత పుస్తకాలే కొన్న మనిషిని నేను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచిన పుస్తకాల ముందు పూటలకు పూటలు గడిపినవాణ్ణి. ఆ పద్నాలుగు నెలలు మాత్రం పాత పుస్తకం చేత పట్టలేకపోయాను. ఎవరో గీసిన గీతలు, ఎవరో మడిచిన మూలలు, మొదటి పేజీలో ఎవరికో ఎవరో రాసిచ్చిన శుభాకాంక్షలు చూస్తే ఆ ఇద్దరూ ఇప్పుడు ఉన్నారో లేదో అన్న ఆలోచన వచ్చేది. అప్పటికే ఒకరి బాధతో నిండి ఉన్న మనసు ఇంకెవరి ఆనవాళ్లనూ భరించలేదు. ఎవరి చేతా పడని పుస్తకమే కావాలనిపించేది. మీ విషయంలోనూ అదే అయి ఉంటుందని నేను ఖచ్చితంగా చెప్పలేను గానీ, పేజీలు విడదీసిన సంగతి మీరు రాసిన తీరు చూస్తే కొంత అదేననిపిస్తున్నది.

చదవలేకపోవడం గురించి మీరు బాధపడవద్దు. ఆసుపత్రి నుంచి ఫోను ఎప్పుడు వస్తుందో అని చెవి అటే పెట్టుకున్న మనిషికి పది వరుసలు చదివేసరికి మొదటి వరుస జారిపోతుంది. నేను నవలలు కొని పెట్టుకున్నాను, ఒక్కటీ ముందుకు సాగలేదు. సాగినవి చిన్న కథలు, లేఖలు, ఎక్కడ ఆపినా తెగిపోని ఆత్మకథలు. మిగిలినవి ఆమె పోయిన రెండేళ్లకు చదివాను. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద కొన్న తేదీ, ఆ రోజు ఆమె ఏమి తినగలిగిందో రాసి పెట్టుకున్నాను. ఒకదాని మీద "రెండు ఇడ్లీలు, పూర్తిగా" అని ఉన్నది. ఆ పుస్తకం ఎవరికీ అరువు ఇవ్వను.

రెండో జవాబు (మిర్యాలగూడ నుంచి)

అక్కా, సార్ చెప్పినదంతా నిజమే అయినా, నేను రెండో వైపు కూడా చెప్పాలి. మా బాబు నెలలు నిండక ముందే పుట్టి నలభై రోజులు ఐసీయూలో ఉన్నాడు. అప్పుడు నేను రాత్రిళ్లు నిద్రపట్టక ఫోనులో పుస్తకాలు బుక్ చేసేదాన్ని, తర్వాత కట్టవచ్చు అనే పద్ధతిలో. బాబు ఇంటికి వచ్చే నాటికి పదకొండు వేల బాకీ తేలింది. ఆ పుస్తకాలను చూసినప్పుడల్లా కిస్తీ గుర్తుకు వచ్చేది, వాటిలో సగం ఇప్పటికీ నాకు ఇష్టంగా తెరవబుద్ధి కాదు. అందుకని మానమని నేను అనను, అప్పు మీద మాత్రం ఎన్నడూ కొనకండి. ఒక జాకెట్టు కూలిలో ఇంట్లోకి ఇంత, పుస్తకానికి ఇంత అని డబ్బా విడిగా పెట్టుకోండి, అందులో పడ్డ రోజే కొనండి. అప్పుడు మీ ఆడబిడ్డకు సమాధానం చెప్పే ధైర్యం కూడా మీకు ఉంటుంది.

మూడో జవాబు (నల్లగొండ నుంచి)

ఖర్చు తగ్గే దారులు రెండు చెబుతాను. 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతున్నది. మూడు వందల గ్రాముల వరకు ఇరవై రూపాయలు, ఐదు కిలోలకు వంద రూపాయలు, పన్ను అదనం. రెండు పుస్తకాలు రెండుసార్లు కాకుండా ఒకేసారి ఆ పద్ధతిలో పంపమని అమ్మేవారిని అడగండి. హైదరాబాద్ వెళ్లే వీలు దొరికితే మహిళలకు ఎక్స్‌ప్రెస్ బస్సులో ప్రయాణం ఉచితమే, అక్కడి పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో దిగితే కోఠి దగ్గరే.

ఇక మన ఊరి గ్రంథాలయాన్ని మరచిపోకండి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమంతా కడుతున్నాము. 1918లోనే తెలుగు గ్రంథాలయం పెట్టుకొని, 1922లో నీలగిరి పత్రికను నడిపించుకున్న ఊరు ఇది, నిజాం కాలంలో తెలుగు చదవడమే కష్టమైన రోజుల్లో. అక్కడి పుస్తకం కొత్త పుస్తకానికి సాటి వస్తుందని నేను అనను, మీరు చెప్పిన ఆ పార్సిల్ సంతోషం దానికి ఉండదు. రెండు పార్సిళ్ల నడుమ రోజులకు మాత్రం అది ఆసరా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. సార్, మీరు ఇడ్లీల సంగతి రాసింది మా వారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఆ తొమ్మిదీ తన ముందు పెట్టమన్నారు. సూదులు పెట్టిన చేయి కదపరాదు కనుక యంత్రం పక్కన ఆయన పుస్తకం పట్టుకోలేరు, ఆ సంగతి నాకు తెలిసినా నేనే చదివి వినిపించవచ్చన్న ఆలోచన ఇన్నాళ్లూ నాకు రాలేదు. ఆయన ఒక కథల పుస్తకం తీసి పక్కన పెట్టారు. రేపటి సంచిలో టిఫిన్ డబ్బా కింద దాన్ని సర్దాను.

చెల్లెమ్మా, డబ్బా పెట్టాను. ఈ నెల ఇంకేమీ తెప్పించడం లేదు. దానిలో ఇప్పటికి నూట నలభై రూపాయలు ఉన్నాయి.