వెట్ ఫ్లై మునగట్లేదు, రెక్క పక్కకు వాలిపోతోంది. తేడా ఎక్కడ కొడుతోంది?

కొత్తగాలం:
చేపల్ని పట్టడానికి హుక్ మీద ఈక, దారంతో పురుగులా కట్టే ఎరలే ఫ్లైలు కదా. వాటిలో నీటి మీద తేలే డ్రై ఫ్లైలు కట్టడం బాగానే అలవాటైంది, ఈమధ్యే నీళ్ళలో మునగాల్సిన వెట్ ఫ్లైల మీద పడ్డాను. ట్రౌట్ చేప కోసం గ్రీన్‌వెల్స్ గ్లోరీ అనే రకం, 14 నంబర్ హుక్ మీద. వైస్‌లో (హుక్‌ని బిగించి పట్టే పనిముట్టు) ఉన్నంతసేపూ ముచ్చటగా ఉంటుంది, నీళ్ళలో వేశాక మొదలవుతుంది అసలు కథ. పైపైనే తేలుతూ కొట్టుకుపోతుంది, లైన్ లాగితే మునిగినట్టే మునిగి మళ్ళీ పైకొస్తుంది. హ్యాకిల్‌కి (తల వెనక చుట్టే ఈక) డ్రై ఫ్లైలకు వాడే పుంజు మెడ ఈకే వాడుతున్నా, నాలుగైదు చుట్లు. బాడీ కింద సీసం తీగ చుట్టేస్తే సరిపోతుందా?

ఇంకోటి, ఈక ముక్కలతో ఫ్లైకి పెట్టే రెక్క. దారం బిగించగానే అవతలి పక్కకు వాలిపోతుంది, లేదంటే పోచలన్నీ విడిపోయి చీపురు కట్టలా తయారవుతుంది. దాన్ని సరిచేద్దామని ఇంకో నాలుగు చుట్లు వేస్తే తల లావెక్కి హుక్ కన్ను మూసుకుపోతోంది. ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.

రెండుచుట్లు:
సీసం జోలికి ఇప్పుడే పోకండి, సమస్య బరువుది కాదు, ఈకది. పుంజు మెడ ఈక పోచలు గట్టిగా, నున్నగా ఉంటాయి, నీటిని పీల్చుకోవు. డ్రై ఫ్లై తేలేదే వాటి మీద. అదే ఈక నాలుగైదు చుట్లు వేసి మునగమంటే ఎలా మునుగుతుందండీ? పెట్ట ఈక తీసుకోండి. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే ఈనె పక్కన మసకగా, దట్టంగా ఒక పట్టీ కనిపిస్తుంది. పోచల మీద నూగులాంటి సన్నటి పోగులు ఒకదానికొకటి అల్లుకుని ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. నీటిని పట్టుకునేది ఆ భాగమే. పుంజు ఈకలో అది సన్నగా ఉంటుంది, పెట్ట ఈకలో చాలా దూరం పరుచుకుని ఉంటుంది.

చుట్లు రెండు చాలు, మరీ మనసొప్పకపోతే మూడు. పార్ట్రిడ్జ్ (కౌజు పిట్ట లాంటి పక్షి) ఈక అయితే ఒకటిన్నర. వైస్‌లో చూస్తే అయ్యో ఇంత పల్చగా ఉందేంటి అనిపిస్తుంది, అలా అనిపిస్తేనే సరిగ్గా కట్టినట్టు. పోచల పొడవు కట్టిన చోటి నుంచి హుక్ వంపు దాకా వస్తే చాలు. కట్టే ముందే ఈకను హుక్ చుట్టూ వంచి పట్టుకుని చూసుకోండి, మళ్ళీ విప్పే పని తప్పుతుంది.

హుక్ కూడా ఒకసారి చూసుకోండి. డ్రై ఫ్లై హుక్కుల తీగ సన్నం, వెట్ ఫ్లైకి కాస్త మందం తీగ ఉన్నవి వేరే వస్తాయి. చాలామందికి సీసం అక్కర్లేకుండా పోయేది అక్కడే. ఏటికి వెళ్ళేదాకా ఆగకుండా ఇంట్లోనే గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఫ్లైని దారానికి కట్టి ముంచి చూడండి. పోచలు కొంచెం వెనక్కి వాలి, దారాన్ని మెల్లగా లాగి వదిలినప్పుడల్లా ముడుచుకుని విచ్చుకుంటుంటే సరే. పుంజు ఈక అయితే కర్రల్లా బిగదీసుకుని కూర్చుంటాయి, పోచల మధ్య మెరుస్తూ గాలి బుడగలు కూడా కనిపిస్తాయి.

ఇంకో చిన్న సంగతి, కొత్త ఫ్లైకి మన వేళ్ళ జిడ్డు ఉంటుంది, లోపల గాలీ ఉంటుంది. మొదటిసారి వేసే ముందు నీళ్ళలో ముంచి వేళ్ళతో గట్టిగా పిండండి. లీడర్ (లైన్ చివర ఫ్లైకి కట్టే సన్నటి దారం) తేలుతూ ఫ్లైని పైకి పట్టి ఉంచినా ఇదే గోల, ఒడ్డున ఉన్న తడి బురద తీసి లీడర్‌కు ఒకసారి రాస్తే మునుగుతుంది.

పాతవైస్:
హ్యాకిల్ గురించి పైన చెప్పేశారు కాబట్టి నేను రెక్క మీదే మాట్లాడతా. రెండు ముక్కలూ ఒకే ఈక నుంచి కోస్తున్నారా? అలా కుదరదు. ఒకటి పక్షి ఎడమ రెక్క ఈక నుంచి, ఇంకోటి కుడి రెక్కలోని అదే రకం ఈక నుంచి కోయాలి. రెండింటి వంపులూ ఎదురెదురుగా ఉంటాయి, జోడిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి. వెడల్పు హుక్ గ్యాప్‌లో (హుక్ మొనకీ కాడకీ మధ్య దూరం) సగం ఉంటే బావుంటుంది, అంతకంటే వెడల్పైతే బిగించేటప్పుడు మడతలు పడి పోచలు విడిపోతాయి.

అవతలికి వాలడం దారం లాగుడు వల్ల. కుడిచేతి వాటం వాళ్ళు దారాన్ని పైనుంచి అవతలికి తిప్పుతారు కదా, ఆ లాగుడుకు రెక్క కూడా దారంతోపాటే పోతుంది. దానికి మందు ఇది: ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య రెక్కనీ హుక్‌నీ కలిపి గట్టిగా పట్టుకోండి. దారాన్ని వేళ్ళ మధ్య నుంచి పైకి తెచ్చి, రెక్క మీద వదులుగా ఉచ్చులా వేసి, అవతలి వైపు కూడా వేళ్ళ మధ్య నుంచే కిందికి దించండి. ఇప్పుడు నిట్టనిలువుగా కిందికి లాగండి. పోచలు ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చుంటాయి. వేళ్ళు వదలకుండానే ఇంకో రెండు చుట్లు, ఆ తర్వాతే వదిలి చూడండి. వేళ్ళు తొందరగా వదిలేస్తే మాత్రం ఎన్ని చుట్లు వేసినా దండగే.

రెక్క కూర్చునే చోటు చదునుగా ఉండాలి. బాడీ చివర దిమ్మలా ఉంటే ఆ వాలులోకి జారుతుంది. బాబిన్‌ని (దారం ఉండను పట్టే పనిముట్టు) గడియారం ముల్లుకు ఎదురు దిశలో ఒకసారి గిర్రున తిప్పి వదలండి, దారం పురి విడి చదునుగా పరుచుకుంటుంది. తల లావు కూడా దీంతోనే చాలావరకు తగ్గుతుంది. హుక్ కన్ను వెనక ఒకటిన్నర కన్నంత జాగా ఖాళీగా వదిలి, బాడీని అక్కడే ఆపేయాలి. హ్యాకిల్ ముందు చుట్టి, పై పోచల్ని కిందికి దువ్వి పట్టి, దాని మీద రెక్క, రెక్క మొదళ్ళు ఏటవాలుగా కత్తిరింపు, చివరగా విప్ ఫినిష్ అనే ముడి. అంతే.

ఏటికెదురు:
నన్నడిగితే ఆ రెక్క టెన్షనే మీకు వద్దు. రెక్క లేకుండా మెత్తటి ఈక మాత్రమే చుట్టే వెట్ ఫ్లైలున్నాయి, స్పైడర్లు, అవి కట్టండి. స్కాట్లాండ్‌లో చేపల వేట మీద పుస్తకం రాసిన డబ్ల్యూ.సి. స్టీవర్ట్ 1857 నాటికే మెత్తటి ఈక స్పైడర్లను ప్రవాహానికి ఎదురు విసరమని గట్టిగా చెప్పాడు. ట్రౌట్‌కు కావాల్సింది నీళ్ళలో కదులుతున్న పురుగు, బొమ్మ గీసినట్టున్న రెక్క కాదు. పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్‌తో మొదలుపెట్టండి: నారింజ రంగు పట్టుదారంతో సన్నటి బాడీ, దాన్ని హుక్ మొనకు ఎదురుగా ఆపేయడం, ముందు గోధుమ రంగు పార్ట్రిడ్జ్ ఈక ఒకటిన్నర చుట్టు. ఈకను కొస దగ్గర కట్టి మొదలు పట్టుకుని తిప్పాలి. తడిస్తే ఆ నారింజ రంగు ముదిరి ఇటుక రంగుకు దగ్గరపడుతుంది, పొడిగా ఉన్నప్పుడు చూసి మరీ డాబుగా ఉందని పక్కన పెట్టకండి. ఫ్లై మన్నాలంటే ఈకను దారంతో పురిపెట్టి రెండూ కలిపి చుట్టండి, స్టీవర్ట్ పద్ధతి అదే. చేప పళ్ళకు ఈనె ఒకచోట తెగినా మొత్తం ఊడిపోదు.

పాతవైస్:
స్పైడర్లు మంచివే, కానీ రెక్కే వద్దంటే ఎలా? ఆయన అడిగింది గ్రీన్‌వెల్స్ గ్లోరీ. 1854లో ట్వీడ్ నది ఒడ్డున జేమ్స్ రైట్ అనే ఫ్లైలు కట్టే ఆయన దాన్ని కట్టిందే రెక్కతో. నీళ్ళలో మునిగిపోయిన మేఫ్లై అనే పురుగులా కనిపించాలంటే రెక్కతో వచ్చే ఆ ఆకారం పనికొస్తుంది. నేను రెండూ కడతాను.

కొత్తగాలం:
అందరికీ చాలా థాంక్స్. పెట్ట ఈక రెండు చుట్లతో కట్టి గ్లాసులో ముంచా, టకీమని దిగిపోయింది. రెక్క ఇంకా కొంచెం అవతలికే చూస్తోంది కానీ విడిపోవట్లేదు. ఒక డౌట్: వడి ఎక్కువున్న చోట ఈ మెత్తటి పోచలు బాడీకి అతుక్కుపోవా? ఇంకా, పసుపు దారానికి మైనం రాయమంటారు, జారకుండా ఉండటానికేనా?

రెండుచుట్లు:
అతుక్కుపోతాయి. అందుకే హ్యాకిల్ వెనక చెవులపిల్లి బొచ్చు చిటికెడు డబ్బింగ్‌గా (దారానికి పురిపెట్టి) పెట్టండి, పోచల్ని కాస్త ఎత్తి పట్టి ఉంచుతుంది. చిటికెడంటే నిజంగా చిటికెడే, దారం రంగు కనిపిస్తూ ఉండాలి. మైనం జారకుండా ఉండటానికి మాత్రమే కాదు, చెప్పులు కుట్టేవాళ్ళు వాడే ముదురు మైనం రాస్తే పసుపు పట్టుదారం ఆలివ్ రంగుకు తిరుగుతుంది, గ్రీన్‌వెల్ బాడీ రంగు అదే. వేళ్ళ మధ్య వేడి చేసి మెత్తబడ్డాకే రాయండి, గట్టిగా ఉండగా లాగితే పట్టుదారం తెగుతుంది. రెక్కను కట్టేటప్పుడే కొంచెం మీ వైపుకు వాల్చి పట్టుకోండి, బిగించేసరికి దారమే మధ్యలోకి తెస్తుంది.