ఒకే పీసీలో రెండు డెస్క్‌టాప్‌లు: ఇంగ్లిష్ పేస్ట్ అవుతోంది, తెలుగు మాత్రం ప్రశ్నార్థకాలు

నెల్లూరు ప్రూఫు:
నమస్కారమండీ. నాది డెబియన్ 10 (లినక్స్) పీసీ, పాతది కాబట్టి ఐస్‌డబ్ల్యూఎం అనే తేలికపాటి విండో మేనేజర్ వాడతాను. ప్రెస్సు వాళ్ల పుస్తకాల పనికి వేరే యూజర్ పేరుతో టైగర్‌వీఎన్‌సీ (ఇంకో డెస్క్‌టాప్‌ని విండోలో చూపించే వీఎన్‌సీ సాఫ్ట్‌వేర్) సెషన్ పెట్టి, ఇదే స్క్రీన్ మీద విండోలో తెరుచుకుంటాను. ఇంటి ఫైళ్లూ పని ఫైళ్లూ కలిసిపోకూడదని. ఇటు కాపీ చేసిన ఇంగ్లిష్ అటు చక్కగా పడుతుంది. తెలుగైతే వరసగా ప్రశ్నార్థకాలే! ఫాంటు లోపం కాదు, అక్కడే టైప్ చేస్తే బాగానే వస్తోంది. ఇంకోటి, ఇటు కాపీ చేసి బ్రౌజర్ మూసేస్తే ఆ కాపీ కూడా పోతోంది. రెండూ ఒకే జబ్బా?

పాత టెర్మినల్:
వేర్వేరు జబ్బులండీ.

రెండోది ముందు చెప్తాను. లినక్స్‌లో తెర మీద విండోలు చూపించే ఏర్పాటు ఎక్స్11, దాన్ని నడిపేది ఎక్స్ సర్వర్. అందులో కాపీ కొడితే ఆ వాక్యం ఎక్కడా దాచరు. "నా దగ్గర ఉంది, కావాలంటే అడగండి" అని బ్రౌజర్ ఎక్స్ సర్వర్‌కి చెప్తుంది, అంతే. పేస్ట్ చేసినప్పుడే అసలు వాక్యం చేతులు మారుతుంది. బ్రౌజర్ మూస్తే ఇచ్చేవాళ్లే లేరు. పార్సెలైట్ లాంటి క్లిప్‌బోర్డు మేనేజర్ పెట్టుకోండి, అది తన దగ్గర ఒక నకలు ఉంచుకుంటుంది.

ఇక తెలుగు. మీ రెండు డెస్క్‌టాప్‌లవీ రెండు ఎక్స్ సర్వర్లు, ఒకదాని కాపీ సంగతి ఇంకోదానికి తెలీదు. మధ్యలో మోసేది వీఎన్‌సీ. దాని పాత ప్రోటోకాల్ (మాట్లాడుకునే పద్ధతి) క్లిప్‌బోర్డుకి లాటిన్-1 అక్షరాలే, అంటే ఇంగ్లిష్, పశ్చిమ యూరప్ భాషలవే ఒప్పుకుంటుంది, అందులో తెలుగుకి చోటు లేదు. టైగర్‌వీఎన్‌సీ 1.10 వెర్షన్ నుంచి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలూ ఉండే పద్ధతి) పూర్తిగా వెళ్తుంది. డెబియన్ 10లో ఉన్నది 1.9. డెబియన్ 11కి వెళ్లండి, 1.11 వస్తుంది.

కీబోర్డు పిచ్చి:
అప్‌గ్రేడ్ ఇప్పుడే కుదరకపోతే: రెండు యూజర్లనీ ఒకే గ్రూపులో చేర్చి, ఇద్దరూ చదవగల ఫైలు ఒకటి పెట్టండి. ఇటు ఎక్స్‌సెల్ (xsel) అనే కమాండ్‌తో క్లిప్‌బోర్డుని అందులోకి రాయడానికి ఒక షార్ట్‌కట్, అటు ఆ ఫైలుని క్లిప్‌బోర్డులోకి ఎక్కించడానికి ఇంకోటి. మోటు పద్ధతే గానీ తెలుగు చెడదు. ఎక్స్‌హోస్ట్ (ఎక్స్ సర్వర్‌లోకి ఎవరిని రానివ్వాలో చెప్పే కమాండ్)తో తలుపులన్నీ తెరిచేయమని ఎవరైనా చెప్తే మాత్రం వినకండి.

నెల్లూరు ప్రూఫు:
11కి మారానండీ. మొదట అవే ప్రశ్నార్థకాలు, మళ్లీ టెన్షన్! చూస్తే పాత వీఎన్‌సీ సెషన్ ఇంకా నడుస్తోంది. దాన్ని ఆపి కొత్తగా మొదలెడితే ఒత్తులతో సహా వచ్చింది. మరి నేను ఇటు కాపీ చేసే బ్యాంకు పాస్‌వర్డు కూడా అటు వెళ్తుందా?

పాత టెర్మినల్:
వెళ్తుంది. ఆ వీఎన్‌సీ విండో మీద క్లిక్ చేయగానే వెళ్తుంది. వ్యూయర్‌లో, అంటే ఆ విండోలోనే, ఎఫ్8 నొక్కి, ఆప్షన్లలో ఇన్‌పుట్ కింద సర్వర్‌కి క్లిప్‌బోర్డు పంపే టిక్ ఉంటుంది. బ్యాంకు పని ఉన్నప్పుడు అది తీసేయండి. పార్సెలైట్ జాబితాలోంచి కూడా చెరిపేయాలి, మర్చిపోకండి.