తోలు చేతికుట్టుకి లినెన్ దారమా, పాలిస్టరా?

దబ్బనం:
రెండు సూదులు, ఒకే దారంతో కుట్టే జీను కుట్టు గురించే ఈ చర్చ. బెల్టులు, సంచులు కుట్టేవాళ్ళలో ఇప్పుడు ఎక్కువమంది మైనం పూసి వచ్చే పాలిస్టర్ రీలే కొంటున్నారు. లినెన్ (అవిసె నార) దారానికి సొంతంగా తేనెమైనం పట్టించుకోవడం వృథా శ్రమ అంటున్నారు. నేను ఒప్పుకోను. తంగేడు చెక్కతోనో తుమ్మ చెక్కతోనో పదును చేసిన (చెట్టు బెరడు రసంలో ఊరబెట్టి శుద్ధి చేసిన) గట్టి తోలుకి లినెనే తగిన దారం.

మొదటి కారణం సాగుడు. లినెన్ తెగేలోపు నూటికి రెండు మూడు వంతులే సాగుతుంది. పాలిస్టర్ పన్నెండుకి పైనే సాగుతుంది. గట్టిగా లాగి బిగించిన పాలిస్టర్ వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, తోలు పల్చగా ఉంటే అంచు ముడతలు పడుతుంది. రెండోది మైనం. లినెన్ పీచు మైనాన్ని లోపలికి తీసుకుంటుంది. ఒకే రంధ్రంలో ఎదురెదురుగా వెళ్ళే రెండు పోగులూ అక్కడ అతుక్కుపోతాయి. పైన ఒక కుట్టు అరిగి తెగినా పక్క కుట్లు ఊడిరావు. పాలిస్టర్ మీద మైనం పైపూతే.

కోస్తాకుట్టు:
దబ్బనం గారూ, ఆఫీసు బ్యాగుకి మీ మాట చెల్లుతుంది. చెమట తగిలే వస్తువుల సంగతేంటి? మామూలు గాలిలోనే లినెన్ తన బరువులో నూటికి పన్నెండు వంతుల దాకా తేమ పీల్చి ఉంచుకుంటుంది. పాలిస్టర్ అర వంతు కూడా పీల్చదు. తడిసిన లినెన్ పొడి లినెన్ కన్నా గట్టిదన్నది నిజమే. కానీ కాకినాడ, మచిలీపట్నం వైపు ముసురు పట్టిందంటే తోలు రోజుల తరబడి ఆరదు. ఆ తడిలో బూజు పట్టి నార లోపలే కుళ్ళుతుంది. పైకి కుట్టు బాగానే కనిపిస్తుంది, వేలితో లాగితే రంధ్రం దగ్గర పుటుక్కుమంటుంది. చెప్పులకి, వాచీ పట్టీలకి, కుక్క మెడపట్టీలకి లినెన్ వాడమనడం కొనేవాళ్ళకి అన్యాయం చేయడమే.

"పాలిస్టర్ తోలుని కోస్తుంది" అన్న మాట కూడా మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. కోసేది దారం రకం కాదు. మెత్తటి క్రోమ్ తోలు (చెక్కతో కాక క్రోమియం లవణాలతో పదును చేసినది) మీద సన్న దారం వేసి, బలమంతా పెట్టి లాగితే ఏ దారమైనా కోస్తుంది. అలాంటి తోలుకి 0.5 మిల్లీమీటర్ల దారం మాని 0.8 వేయండి, కుట్టు దూరం 4 మిల్లీమీటర్లకి పెంచండి.

పురిపేట:
కోస్తాకుట్టు గారి చివరి మాటకి ఒక లెక్క జోడిస్తా. లినెన్ రీలు మీద 18/3 అని ఉంటే మొదటి అంకె ఒంటిపోగు సన్నదనం, రెండోది ఎన్ని పేటలు కలిపి పురిపెట్టారో. 300 గజాల చిట్టెలు 18 కలిస్తే ఒక పౌను (454 గ్రాములు) తూగే పోగు అది. మూడు పేటలు కలిపితే పౌనుకి 1800 గజాలు, మన లెక్కలో 10 గ్రాములకి సుమారు 36 మీటర్లు, అంటే 275 టెక్స్ (వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె). పాలిస్టర్‌లో దీనికి దీటైనది 270 టెక్స్ దారం. చాలామంది 18/3 లినెన్‌ని 135 టెక్స్ పాలిస్టర్ పక్కన పెట్టి "చూశారా, కోస్తోంది" అంటారు. సగం బరువు దారంతో పోల్చితే ఏం తేలుతుంది?

రెండు దారాలకీ చేటు చేసేది పొడవు. "కుట్టుకి నాలుగింతలు" అని గుడ్డిగా తీసుకుంటారు. ఒక్కో కుట్టుకి దారం పైన ఒకసారి, కింద ఒకసారి నడుస్తుంది, రంధ్రంలోంచి రెండు పోగులు దాటుతాయి. కాబట్టి కుట్టు దూరానికి రెండింతలు, తోలు మందానికి రెండింతలు కలపాలి. 4 మిల్లీమీటర్ల కుట్టు, మొత్తం 3 మిల్లీమీటర్ల తోలు అయితే కుట్టుకి 14 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర ఇంతలు. అదే తోలు మందం 6 అయితే ఐదింతలు. 30 సెంటీమీటర్ల వరసకి మొదటి లెక్కలో 105 సెంటీమీటర్లు వస్తుంది. సూదుల దగ్గర చెరో 15, వెనక్కి మళ్ళించే మూడు కుట్లకి ఇంకో 5 కలిపి 140 తీయండి, చాలు. పొడవు మిగలాలని రెండు మీటర్లు తీస్తే, సూదికి దగ్గరున్న భాగం డెబ్బై అయిదు రంధ్రాల్లోనూ రాసుకుని పీచు లేస్తుంది. చివరి కుట్లు బొచ్చుగా రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. దారం నాసిరకమని రీలు మార్చి లాభం లేదు.

దబ్బనం:
పొడవు లెక్క బాగుంది. అయినా కొసని సూదిలోకి ఎక్కించే చోట లినెన్‌దే పైచేయి. చివరి ఆరు సెంటీమీటర్లు చెక్క మీద పరిచి, మొద్దు కత్తి అంచుతో ఒకే వైపుకి గీకాలి. పీచు కొంచెం కొంచెం ఊడి, కొస వెంట్రుకంత సన్నగా అవుతుంది. వేళ్ళ మధ్య పురి తిప్పి, మళ్ళీ మైనం రాసి, సూది కన్నంలోంచి ఏడెనిమిది సెంటీమీటర్లు లాగండి. తర్వాత సూది మొనతో అదే దారాన్ని పేటల మధ్యగా రెండు చోట్ల పొడిచి, ఆ మడతల్ని సూది మీదుగా కన్నం వైపు జరిపి, పెద్ద దారం పట్టుకుని లాగాలి. అంతా సూది వెనక సర్దుకుంటుంది, గుబ్బ రాదు. అల్లిక పాలిస్టర్‌ని గీకితే సన్నబడదు, చెదిరి బొచ్చు వస్తుంది.

కోస్తాకుట్టు:
అల్లిక పాలిస్టర్‌ని గీకరు, 3 సెంటీమీటర్ల పొడవున ఏటవాలుగా కోస్తారు. పురిపెట్టిన పాలిస్టర్ అయితే కొసన పేటలు విప్పి ఒకటి 1, ఒకటి 3, ఇంకోటి 5 సెంటీమీటర్ల దగ్గర కత్తిరించి, తిరిగి పురిపెట్టి మైనం రాస్తే మీ లినెన్ కొసలాగే ఎక్కుతుంది.

ఇక మీ తేనెమైనం సంగతి. అది కరిగేది 62 నుంచి 64 డిగ్రీల దగ్గరైనా, మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల్లో మెత్తబడి దుమ్మంతా పట్టుకుంటుంది. తెల్ల లినెన్ రెండు వారాల్లో మట్టిరంగుకి వస్తుంది.

దబ్బనం:
అందుకే ఎండాకాలం మైనంలో రోజిన్ కలుపుతారు. పైన్ బంక నుంచి టర్పెంటైన్ తీశాక మిగిలే పసుపు పలుకులు అవి. మైనం నాలుగు పాళ్ళు, రోజిన్ పొడి ఒక పాలు. వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది, జాగ్రత్త. చలికాలంలో రోజిన్ తగ్గించాలి, లేదంటే దారం వంచినప్పుడు పూత పొడిపొడిగా రాలుతుంది.

దుమ్ము పట్టేది మైనం ఎక్కువైనప్పుడు. మైనం గడ్డ మీద దారాన్ని మూడుసార్లు లాగి, తర్వాత మందపాటి కాగితం మడతలో పట్టుకుని చురుగ్గా లాగండి. ఆ రాపిడి వేడికి మైనం లోపలికి దిగుతుంది, ఎక్కువైనది కాగితానికి అంటుతుంది. దారాన్ని గోటితో గీకితే గోటి కింద మైనం పోగుపడకూడదు, అదే సరైన పాకం.

తోలుబొమ్మ:
వలలు అల్లే నైలాన్ దారం చవగ్గా దొరుకుతోంది. దానికే మైనం పూస్తే సరిపోదా?

పురిపేట:
సరిపోదండి. నైలాన్ పాలిస్టర్ కన్నా ఇంకా సాగుతుంది, ఎండ తగిలితే ముందు బలం పోయేదీ అదే. ముడి కూడా జారుతుంది. తెగిన చెప్పుని రోడ్డు పక్కన అప్పటికప్పుడు నిలబెట్టడానికి పనికొస్తుంది, సంచి పట్టీకి వద్దు.

ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది, పురి. దారాన్ని నిలువుగా పట్టుకుంటే పేటలు కింద ఎడమ నుంచి పైన కుడికి వాలితే జెడ్ పురి, అటు తిరిగితే ఎస్ పురి. ప్రతి కుట్టుకీ సూదిని వేళ్ళలో ఒకే వైపు తిప్పే అలవాటుంటే, ఒక చేతి దారం పురి విప్పుకుని పేటలు విడిపోతాయి, రెండో చేతిది మెలికలు పడుతుంది. పది పన్నెండు కుట్లకోసారి సూదుల్ని కిందికి వదిలి, వాటంతట అవి తిరిగి ఆగేదాకా ఉంచండి.

కోస్తాకుట్టు:
ముగింపు కుట్టు దగ్గర మాత్రం నా దారమే మేలు. వెనక్కి రెండు కుట్లు వేసి, 1 మిల్లీమీటరు వదిలి కత్తిరించి, కొస మీది మైనం గుడ్డతో తుడిచి, మంట అడుగున నీలంగా ఉండే చోట చూపించి, ఆరె (తోలుకి రంధ్రాలు పొడిచే పనిముట్టు) పక్క భాగంతో నొక్కితే పని అయిపోయినట్టే. మైనం తుడవకపోతే మసి లేత తోలు మీద పడి పోదు. 3 మిల్లీమీటర్లు వదిలితే గట్టి గుండు ఏర్పడి చర్మానికి గీసుకుంటుంది. లినెన్ కరగదు, కాబట్టి మూడు కుట్లు వెనక్కి మళ్ళించి, చివరి రంధ్రంలో తెల్ల జిగురు చుక్క పెట్టాల్సిందే.

దబ్బనం:
పెట్టాల్సిందే, పెట్టినా అర నిమిషమే. చెప్పులకీ మెడపట్టీలకీ పాలిస్టర్ అంటే కాదనను. ఫైలు సంచి, బెల్టు, పుస్తకం అట్ట, వాయిద్యాల పెట్టె, వీటికి లినెన్ వదులుకోను. వానాకాలంలో దారం కన్నా ముందు సూది చూసుకోండి. తుప్పు సూదితో తడి తోలు కుడితే ఇనుము, చెక్క పదును కలిసి రంధ్రం చుట్టూ నల్ల మరక వేస్తాయి. ఏ దారం వేసినా అది కనిపిస్తూనే ఉంటుంది.