సమస్య: కొడవలికిని గూలి గొలిచినారు

నిర్వహణ: ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడూ మీరు పూరించాలి. కూలి మనిషికి గానీ కొడవలికా అన్నదే మెలిక. నియమం ఒకటే, కొడవలి 'కరణం'గా నిలవాలి. 1984లో రద్దయిన కరణంగారు కాదండోయ్, కారకాల్లో (వ్యాకరణంలో పనితో మాటలకుండే సంబంధాల్లో) కరణం. 'సాధకతమం కరణమ్' అన్నాడు పాణిని (1.4.42). పని నెరవేరడానికి అన్నిటికన్నా దగ్గరగా పనికొచ్చేదన్నమాట. తలపాగా కూడా కోతకు ఉపకరిస్తుంది గానీ వరిని తెంపదు కదా.

రాజోలు సభ్యులు:

కోత కూలి వచ్చెఁ గొడవలి లేకుండ
నడిగి తెచ్చె నొకటి యద్దె కనుచు
మనిషి పాలు కుంచ మడ్డయె కత్తికి
కొడవలికిని గూలి గొలిచినారు

విమర్శ: మూడో పాదంలో యతి తప్పింది. కుంచము + అడ్డ = కుంచమడ్డ. అక్కడ యతి చూడాల్సింది 'అ' అచ్చుకు, ముందు మాట నుంచి వచ్చిన మకారానికి కాదు. 'మనిషి' తీసి 'అతని' వేయండి, కుదురుతుంది. 'కత్తికి' బదులు 'దానికి' చాలు. ధాన్యం కొలతల్లో కుంచానికి రెండు అడ్డలు, అంటే మనిషి కూలిలో సగం కొడవలికే! అదలా ఉంచినా, అద్దె కూలి కాదు. మెలిక విడలేదు.

మండపేట సభ్యులు:

కక్కు లరిగె నంచుఁ గమ్మరి వాకిట
నాకురాయిఁ బెట్టి యరగదీసి
పదును బెట్టినట్టి పనివాని చేతిలోఁ
గొడవలికిని గూలి గొలిచినారు

విమర్శ: 'కి'ని 'కోసం' అర్థంలో తిప్పడం భేష్. కానీ ఆకురాయితో అరగదీస్తే ఉన్న కక్కులూ (కొడవలి పళ్ళూ) పోతాయి, కొడవలి దుబ్బు మీద జారుతుంది. కాల్చి, మెత్తబడ్డాక ఉలితో కక్కు కొట్టి, మళ్ళీ కాల్చి నీళ్ళలో ముంచాలి. 'కాల్చి యుక్కుటులినిఁ గక్కు గొట్టి' అంటే యతీ నిలుస్తుంది. ఇంకో చిక్కు: కొలిమి దగ్గర ఉలి కరణం, కొడవలి కర్మ. వస్తువు అదే, పని మారేసరికి కారకం మారిపోయింది. నియమం తప్పినట్టే.

తణుకు సభ్యులు:

మనిషి పేరు లేదు మా చేని లెక్కలో
పదును గలవి యెన్ని? పదియు నొకటి
కోయువారి నెల్లఁ గొఱముట్టుతో నెంచి
కొడవలికిని గూలి గొలిచినారు

విమర్శ: ఇదీ పూరణంటే! 'చేలో పదకొండు కొడవళ్ళు దిగాయి' అన్నప్పుడు లెక్క మనుషులదే. కరణం కర్త చోట కూర్చుంది, కూలి దాని పేరనే పడింది. 'కొఱముట్టు' అచ్చతెలుగు, పనిముట్టుకు పాతమాట. 'మా' ఒక్కటే యతి కోసం ఇరికించినట్టుంది. 'మస్టరు లెక్కలో' అనరాదూ?

తణుకు సభ్యులు: ఆయ్, మారుస్తానండి.