అవుట్‌డోర్ పెయింటింగ్ క్లబ్: సెషన్ టైమింగ్, రివ్యూ, ఎగ్జిబిషన్‌కి చరిత్ర బోర్డు. సలహాలు కావాలి

తెల్లకాగితం:

మాది ఆరుబయట బొమ్మలు వేసే చిన్న క్లబ్. ఆదివారం పొద్దున పదిహేను మంది దాకా వస్తారు. సగం మంది వాటర్‌కలర్, మిగతావాళ్లు ఆక్రిలిక్, ఆయిల్. మూడు విషయాల్లో ఇరుక్కుపోయాం.

ఎనిమిదికి అంటే, అందరూ వచ్చి చోటు వెతుక్కుని కుంచె పట్టేసరికి తొమ్మిదిన్నర. అప్పటికి నీడలు మారిపోయి సగం బొమ్మలు మధ్యలోనే ఆగుతున్నాయి. చివర్లో అందరి బొమ్మలూ పెట్టి చూసుకునేటప్పుడు "బాగుంది, బాగుంది" తప్ప మాట రాదు, లేదా ఒక్కరే క్లాసు పీకుతారు. మూడోది, ఎగ్జిబిషన్ పెడుతున్నాం. ఆరుబయట చిత్రకళ చరిత్ర మీద ఒక బోర్డు, క్లబ్ మీద ఒక బోర్డు కావాలి. "ఇంప్రెషనిస్టులు (పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారుల గుంపు) మొదలెట్టారు" అని రాసి వదిలేయడం ఇష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పగలరా?

ఎండనీడ:

ముందు టైమింగ్ సంగతి. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. అసలు తంటా ఆ కదలికకన్నా నీడ పొడవుతో. సూర్యుడు 15 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు చెట్టు నీడ చెట్టు ఎత్తుకు 3.7 రెట్లు ఉంటుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి 1.7 రెట్లు, 45 డిగ్రీల దగ్గర చెట్టంతే. అంటే అందరికీ నచ్చే ఆ పొద్దుటి పొడవాటి నీడలే అన్నిటికన్నా వేగంగా కుదించుకుపోతాయి. మీవాళ్లు కుంచె పట్టే వేళకు వాళ్లు చూసి ముచ్చటపడ్డ దృశ్యం అక్కడ ఉండదు.

అందుకని ప్రకటనలో వచ్చే టైం కాదు, గీత మొదలుపెట్టే టైం వేయండి. "7:30కి పెన్సిల్ కాగితం మీద ఉండాలి" అంటే ఎవరి లెక్క వాళ్లు వేసుకుని వస్తారు. అక్కణ్నుంచి రెండు గంటలు. మొదటి పది నిమిషాలు పేకముక్క సైజులో రెండు మూడు చిన్న స్కెచ్‌లు, వెలుగు, మధ్యరకం, చీకటి అని మూడే టోన్లతో. తర్వాతి పది పదిహేను నిమిషాల్లో అసలు బొమ్మకు గీత, అందులోనే నీడల అంచులు గట్టిగా గుర్తు పెట్టేయాలి. ఒకసారి పెట్టాక నీడ ఎటు జరిగినా మీరు జరగొద్దు. బొమ్మలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఎడమవైపు 7:45 నాటి నీడ, కుడివైపు 9:15 నాటి నీడ వేస్తే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. ఆ తర్వాత గంటకు పైగా రంగులు, ముందు నీడ భాగాలు, తర్వాత ఎండ భాగాలు. చివరి పావుగంట చిన్న చిన్న వివరాలకు. వెలుగు పూర్తిగా మారిపోయిందా, ఆ బొమ్మను పక్కన పెట్టి రెండో బోర్డు తీయండి. మబ్బు పట్టిన రోజైతే ఈ గొడవ లేదు, మూడు గంటలైనా లాగొచ్చు.

సైజు తగ్గించండి. ఆయిల్, ఆక్రిలిక్‌కి 20×25 సెం.మీ. చాలు. వాటర్‌కలర్‌కి క్వార్టర్ షీట్, అంటే 28×38 సెం.మీ., దాటకపోతే మంచిది. రెండు గంటల్లో హాఫ్ షీట్ ముగించగలిగేవాళ్లు ఏ క్లబ్‌లోనైనా ఒకరిద్దరే ఉంటారు.

చోటు చూడ్డానికి వెళ్లేవాళ్లు సెషన్ జరిగే వేళకే వెళ్లాలి. సాయంత్రం చూసొచ్చి పొద్దున పెట్టుకుంటే వెలుగు ఎదురు దిక్కున ఉంటుంది. మనుషులు కూర్చునే నీడ కూడా రెండు గంటల తర్వాత ఎక్కడుంటుందో చూడండి. పొద్దున నీడ పడమరకు పరుచుకుని ఉంటుంది, ఎండెక్కే కొద్దీ చెట్టు మొదలు వైపు వెనక్కి వస్తుంది. నీడ అంచున ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) వేసినవాళ్లు అరగంటలో ఎండలో పడతారు. మొదలుకు దగ్గరగా కూర్చోమనండి. తోటల్లో, పాత కట్టడాల దగ్గర స్కెచ్‌బుక్‌ను ఎవరూ పట్టించుకోరు గానీ ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) చూడగానే అనుమతి కాగితం అడగొచ్చు. ముందే రాయించుకోండి.

ఇంకొకటి. ప్యాలెట్ (రంగులు కలుపుకునే పళ్లెం), బొమ్మ రెండూ ఒకే వెలుగులో ఉండాలి. బొమ్మ మీద నేరుగా ఎండ పడితే రంగులన్నీ వెలిగిపోతున్నట్టు కనిపిస్తాయి, దాంతో చేయి తెలియకుండానే ముదురు కలుపుతుంది. ఇంట్లో గోడకు పెట్టాక బొమ్మ చీకటిగా ఉందని ఏడవడం అందుకే.

తెల్లకాగితం:

గీత టైం వేయాలన్న ఆలోచన బాగుందండీ, ఈ వారమే అమలు చేస్తాం. ఇద్దరు ముగ్గురు ఎర్రటి, నీలపు గొడుగులు తెస్తున్నారు. పర్వాలేదా? ఆక్రిలిక్ వాళ్లకు ప్యాలెట్ మీదే రంగు ఎండిపోతోంది, దానికేం చేయాలి?

పాతతైలం:

రంగు గొడుగు వద్దు. ఎర్ర గొడుగు కింద తెల్ల కాగితం గులాబీగా కనిపిస్తుంది, కన్ను దానికి అలవాటుపడి ఆకుపచ్చ ఎక్కువ వేయిస్తుంది. తెలుపైనా, బూడిదైనా, లోపల నలుపున్నదైనా సరే. దాన్ని ఈజిల్‌కి మాత్రం బిగించొద్దు. గాలి వస్తే గొడుగు తెరచాపలా పట్టుకుని ఈజిల్‌ని బొమ్మతో సహా బోర్లా పడేస్తుంది. వేరే స్టాండుకు పెట్టండి. ట్రైపాడ్ మధ్య కొక్కేనికి రెండు మూడు కిలోల బరువున్న సంచి వేలాడదీసి, ఆ సంచి అడుగు నేలకు ఆనేలా చూడండి. గాల్లో ఊగితే అదే లాగి పడేస్తుంది.

ఆక్రిలిక్‌కి తడి ప్యాలెట్ వాడాలి. మూత ఉన్న పల్చటి డబ్బాలో తడిపిన టిష్యూ మడత, దాని మీద బేకింగ్ పేపర్, ఆ పైన రంగు. టిష్యూ మీద నీళ్లు నిలిచి ఉండకూడదు, ఉంటే రంగు కారిపోతుంది. రిటార్డర్ (రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలిపితే సీసా మీద రాసిన మోతాదు దాటొద్దు. ఎక్కువైతే రంగు పొర రోజుల తరబడి జిగటగానే ఉండి దుమ్ము పట్టేస్తుంది.

వాటర్‌కలర్ వాళ్లకు కష్టం ఎండలో ఒక రకం, చెమ్మగాలిలో ఇంకో రకం. ఎండలో ఆకాశానికి వేసే వాష్ (పల్చటి రంగునీళ్ల పూత) సగానికి రాకముందే పై అంచు ఆరిపోయి గీత పడుతుంది. కాగితం రెండు వైపులా బాగా తడిపి ప్లాస్టిక్ షీట్‌కి అతికిస్తే కాస్త ఎక్కువ సేపు తడి నిలుస్తుంది. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) కన్నా పల్చటి కాగితం తేవొద్దు. చెమ్మ రోజున మాత్రం ఓపిక పట్టాలి. కాగితం మీద మెరుపు సగం పోయిన దశలో అంతకన్నా తడి బ్రష్ పెడితే, ఆ నీళ్లు రంగును తోసుకుంటూ వెళ్లి క్యాలీఫ్లవర్ ఆకారపు మరక చేస్తాయి. అది దిద్దితే పోదు, ఆరేదాకా ముట్టుకోకుండా ఉండడమే.

ట్యూబులు ఆరు చాలు: టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఆకర్, అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామరిన్ బ్లూ, బర్ంట్ సియన్నా. వైట్ ఒక్కటి పెద్ద ట్యూబు కొనండి, అది ముందు అయిపోతుంది. నలుపు అక్కర్లేదు, అల్ట్రామరిన్‌లో బర్ంట్ సియన్నా కలిపితే వచ్చే ముదురే ప్రాణమున్న నలుపు.

క్లబ్ రూల్‌గా రాసి పెట్టాల్సింది ఒకటుంది. లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డలు ఉండచుట్టి సంచిలోనో, కారు డిక్కీలోనో వేయకూడదు. ఆ నూనె ఆరేది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని. ఆ క్రమంలో వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడికి బయటికి దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టాలి. బ్రష్ కడిగిన నీళ్లు చెరువులో గానీ కాలువలో గానీ పారబోయొద్దు. కాడ్మియం, కోబాల్ట్ రంగులు నీటిలోని జీవులకు విషం.

మూడోకన్ను:

రివ్యూ గురించి క్లుప్తంగా. బొమ్మలన్నీ నీడలో, ఒకే వరుసలో పెట్టి మూడు మీటర్ల దూరం నుంచి చూడండి. వేసినవాళ్లు ముందుగా ఒకే వాక్యం చెప్పాలి: "గోడ మీద పడ్డ ఎండ కోసం వేశాను" లాంటిది. తర్వాత ఇద్దరే మాట్లాడాలి. ఒకరు అది ఎక్కడ కుదిరిందో వేలుపెట్టి చూపించాలి, ఇంకొకరు మార్చాల్సింది ఒక్కటే చెప్పాలి. బొమ్మకు రెండు నిమిషాలు, ఫోన్‌లో టైమర్. పదిహేను బొమ్మలకు అరగంట. ఏం చేయాలనుకున్నారో ముందే తెలిస్తే "బాగుంది" అని తప్పించుకోవడం కుదరదు. క్లాసు పీకేవారిని టైమర్ పట్టుకోమనండి.

పాతపేజీ:

చరిత్ర బోర్డుకు నా వంతు.

ఇంప్రెషనిస్టులకు చాలా ముందే ఇది ఉంది. ఫ్రెంచ్ చిత్రకారుడు వాలాన్సియన్ 1800 ప్రాంతంలో అచ్చైన తన పర్‌స్పెక్టివ్ (దూరం, లోతు చూపించే పద్ధతి) గ్రంథంలో ఆరుబయట స్టడీ (సాధన కోసం వేసే చిన్న బొమ్మ) రెండు గంటలు మించొద్దన్నాడు, సూర్యోదయం, సూర్యాస్తమయం అయితే అరగంటే అన్నాడు. ఎండనీడ గారి లెక్క పాతదే! ఇంగ్లండ్‌లో చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 1822లలో లండన్ దగ్గరి హ్యాంప్‌స్టెడ్‌లో మేఘాల స్టడీలు వరసగా వేసి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి వివరం రాసుకున్నాడు. 1830ల నుంచి ఫ్రాన్స్‌లోని బార్బిజాన్ ఊరి పేరుతో పిలిచే చిత్రకారులు పక్కనే ఉన్న ఫాంటెన్‌బ్లో అడవిలో పనిచేశారు.

1841కి బోర్డులో పెద్ద చోటివ్వండి. లండన్‌లో ఉంటున్న అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబుకు ఆ ఏడాది పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు ఆయిల్ రంగును పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి అమ్మేవాళ్లు. మేకుతో పొడిచి పిండుకోవాలి, మళ్లీ సరిగ్గా మూయడం కుదరదు, సంచిలో పగిలితే అంతే సంగతులు. మరమూత ఉన్న ట్యూబుతో ఆయిల్ రంగులు మోసుకుపోవడం తేలికైంది. ఫ్రెంచ్ చిత్రకారుడు డోబిన్యీ 1857లో పడవనే స్టూడియోగా చేసుకుని నదుల మీద తిరిగాడు, తర్వాత ఇంప్రెషనిస్టు మోనే కూడా అదే దారి పట్టాడు.

మీది క్లబ్ కాబట్టి గుంపుల కథ కూడా ఉండాలి. ఆస్ట్రేలియా చిత్రకారులు టామ్ రాబర్ట్స్, మెక్‌కబిన్, అబ్రహామ్స్ 1885లో మెల్‌బోర్న్ దగ్గర బాక్స్ హిల్‌లో గుడారం వేశారు. 1889లో రాబర్ట్స్, స్ట్రీటన్, కాండర్ తదితరులు '9 బై 5' ప్రదర్శన పెట్టారు. 183 పనుల్లో చాలావరకు చుట్ట పెట్టెల మూతల మీద వేసినవే, ఆ మూతల కొలతే 9×5 అంగుళాలు. అబ్రహామ్స్ కుటుంబానిది పొగాకు వ్యాపారం. మన కాలానికి వస్తే గాబ్రియెల్ కంపనారియో 2007లో ఆన్‌లైన్ గ్రూపుగా మొదలెట్టిన అర్బన్ స్కెచర్స్ (ఊళ్లలో చూస్తున్న చోటే కూర్చుని స్కెచ్‌లు వేసేవాళ్ల బృందం) ఉంది.

ఒక జాగ్రత్త. "వీళ్లంతా అక్కడే మొదలుపెట్టి అక్కడే ముగించారు" అని రాయకండి. కాన్‌స్టబుల్ ఆరడుగుల కాన్వాసులు స్టూడియోలో పూర్తయినవే, మోనే కూడా చాలావాటికి ఇంటి దగ్గర మెరుగులు దిద్దాడు. బయట వేసినట్టు ఆధారం కావాలంటే మోనే 1870 నాటి 'ట్రూవిల్ బీచ్' చూపించండి, ఆ రంగులో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి. వాన్‌గో 'ఆలివ్ చెట్లు' బొమ్మల్లో ఒకదానిలో మిడత ముక్క ఉన్నట్టు 2017లో అమెరికాలోని కాన్సస్ సిటీ మ్యూజియంవాళ్లు చెప్పారు. పిల్లలు ఆ బోర్డు దగ్గరే నిలబడిపోతారు.

క్లబ్ బోర్డుకు సభ్యుల జ్ఞాపకాలను నమ్ముకోవద్దు. మొదటి ఏడాది ఏదో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. పాత గ్రూప్ మెసేజీలు, హాజరు పుస్తకం, ఫోటోల తేదీలు చూసి రాయండి. ఇకనుంచి ప్రతి బొమ్మ వెనకా తేదీ, మొదలు, ముగింపు వేళలు, ఏ దిక్కు చూస్తూ వేశారో, ఎండో మబ్బో రాయించండి. గోడ మీద బొమ్మలను మనుషుల వారీగా కాకుండా చోటు వారీగా వేలాడదీయండి. ఒకే చెరువు పొద్దున, మబ్బులో, సాయంత్రం పక్కపక్కన ఉంటే విడిగా వివరణ అక్కర్లేదు.

తెల్లకాగితం:

అందరికీ చాలా థాంక్స్ అండీ. చివరి ప్రశ్న. ఎగ్జిబిషన్ నెలలోపే ఉంది. ఈమధ్య వేసిన ఆయిల్స్ పెట్టొచ్చా?

పాతతైలం:

పల్చగా వేసినవి వారం పది రోజుల్లో చేతికి అంటవు. కత్తితో మందంగా వైట్ వేసినవి నెలకు కూడా లోపల పచ్చిగానే ఉంటాయి. వెనక, పక్కలా తాకి చూడొద్దు, అందరికన్నా మందంగా ఉన్న చోట అంచున వేలుగోటితో మెల్లగా నొక్కండి. గుంట పడితే పెట్టొద్దు, లేదా మనుషుల చేయి అందని ఎత్తులో పెట్టండి. గాజు బిగించొద్దు. మామూలు వార్నిష్ ఇప్పుడే వేయకండి, దానికి ఆరు నెలలైనా ఆగాలి. మరీ మెరుపు చచ్చినట్టుంటే రీటచ్ వార్నిష్ (తాత్కాలికంగా వేసే పల్చటి వార్నిష్) పల్చగా ఒక్క పూత వేయండి, అదీ తాకితే అంటనివాటికే. తీసుకెళ్లేటప్పుడు రెండు బోర్డులను ఎదురెదురుగా పెట్టి నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు ఉంచి టేపు చుట్టండి.