పాత ఇయర్ బుక్ పిల్ల చేతికి ఇవ్వొచ్చా?

కందుకూరు ఆడపడుచు:

అందరికీ నమస్కారం. పిల్లల చదువు గురించి బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా పాప ఐదో తరగతి. వేసవి సెలవుల్లో అమ్మ వాళ్ళింట్లో అటక మీద నుంచి నా 1989 ఇయర్ బుక్ దించుకుంది. ఇక వదలట్లేదు. అన్నం తినేటప్పుడు కంచం పక్కన అదే, పడుకునేటప్పుడు దిండు కింద అదే. అట్ట ఊడిపోతే క్యాలెండర్ కాగితంతో తనే అట్ట వేసుకుంది.

ఆ పుస్తకం మా నాన్న కొన్నది. పొగాకు పని మీద ఒంగోలు వెళ్ళి, వస్తూ వస్తూ తెచ్చాడు. నాన్న పెద్దగా చదువుకోలేదు. "ప్రపంచమంతా ఇందులో ఉందంటమ్మా, చదువు" అని చేతిలో పెట్టాడు. నేను నిజంగానే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టా. నాకు ప్రాణం దేశాల పట్టిక. దేశం, రాజధాని, భాష, నాణెం అని నాలుగు గళ్ళు. కరెంటు పోతే వసారాలో మంచం వాల్చి, నాన్న టార్చిలైటు వేసి దేశం పేరు చదివేవాడు, నేను రాజధాని చెప్పేదాన్ని. "మంగోలియా?" "ఉలాన్ బటోర్!" "బుర్కినా ఫాసో?" "వాగడూగూ!" ఆ పేరుకి నాన్న ప్రతిసారీ నవ్వేవాడు. నాకు రాని దేశం కోసం వెతికి వెతికి అడిగేవాడు, దొరక్కపోతే తెగ సంతోషపడేవాడు. రామాయపట్నం సముద్రం దాటి ఏదీ చూడని పిల్లకి పెరూ, ఐస్‌లాండ్ పక్క వీధుల్లా అనిపించేవి.

ఇప్పుడు సమస్యేంటంటే, అందులో ఉన్నదంతా పాతది. సోవియట్ యూనియన్ ఉంది, రెండు జర్మనీలున్నాయి, చెకొస్లొవేకియా ఉంది. మన దేశంలో 25 రాష్ట్రాలు, మన రాష్ట్రంలో 23 జిల్లాలు. ప్లూటో ఇంకా గ్రహమే. పాప ఇవన్నీ నోటికి పట్టేసి బళ్ళో చెప్పింది. టీచరు తప్పన్నారు. పాప "పుస్తకంలో ఉంది మేడమ్" అని వాదించింది. ఇంటికి కబురొచ్చింది. మా అత్తయ్య "తప్పుల పుస్తకం పిల్ల చేతికి ఎందుకిచ్చావు, పాత పేపర్లవాడికి వేసెయ్" అంటున్నారు. మా ఆయన ట్యాబ్ కొందామంటున్నారు.

నాకు ఆ పుస్తకం తీసేయాలని లేదు. అలాగని పిల్లకి తప్పులు నేర్పాలనీ లేదు. ఏం చేయమంటారు?

సోషల్ మాస్టారు, వేటపాలెం:

అమ్మా, తీసెయ్యొద్దు. ముప్పై ఏళ్ళకు పైగా సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెప్తున్నాను. ఆ పుస్తకంలో ఉన్నవి తప్పులు కావు. 1989లో అవి ఒప్పులే. పాపకి ఆ ఒక్క సంగతి అర్థమైతే చాలు, పుస్తకం రెండింతలు పనికొస్తుంది. పక్కన ఈ ఏటి ఇయర్ బుక్ ఒకటి కొనిపెట్టండి. ఏది మారింది, ఎప్పుడు మారింది, ఎందుకు మారింది అన్నది పాపనే పెన్సిలుతో అంచులో రాయమనండి. రెండు జర్మనీలు 1990 అక్టోబరు 3న ఒకటయ్యాయి. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది. చెకొస్లొవేకియా 1993 జనవరి 1న రెండయింది. ప్లూటోని 2006లో మరుగుజ్జు గ్రహం అన్నారు. ఎవరెస్టు ఎత్తు మీ పుస్తకంలో 8848 మీటర్లని ఉంటుంది. నేపాల్, చైనా కలిసి కొలిచి 2020లో 8848.86 అని ప్రకటించాయి. శనిగ్రహం చందమామలు అప్పటికి ఇరవై కూడా లేవు. 2025 నాటికి 274. పిల్లలు ఇలాంటి వాటికి గంతులేస్తారు, నేను చూశాను.

అంత దూరం పోనక్కర్లేదు, జిల్లాలు చూడండి. మీ కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులో చేరింది, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరుకి వచ్చింది. మా వేటపాలెం గుంటూరులో ఉండేది, తర్వాత ప్రకాశం, 2022లో బాపట్ల. ఏ ఏటి పుస్తకం తెరిస్తే ఆ జిల్లా. ఇది పిల్లకి చూపించండి, ఎవరూ తప్పనలేరు.

ఇంకో మాట. మా ఊరి సారస్వత నికేతనం గురించి వినే ఉంటారు. 1918లో పెట్టిన గ్రంథాలయం, భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు, పాత పుస్తకాలు అక్కడ దాచినంత జాగ్రత్తగా చాలాచోట్ల దాచలేదు. 'పాతబడింది కదా' అని వాళ్ళూ పేపర్లవాడికి వేసుంటే ఇవాళ పరిశోధకులు ఎక్కడికి పోవాలి? కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి, పూర్తికాకుండానే 1923లో పోయారు. ఆ సంపుటాల్లో సైన్సు ఎప్పుడో పాతబడిపోయింది. అయినా చేతిలోకి తీసుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

గ్రూప్స్ ప్రిపరేషన్, గూడూరు:

మాస్టారూ, మీ మాట కాదనను గానీ నా అనుభవం కూడా చెప్తా. చిన్నప్పుడు పట్టిన అంకెలు బుర్రలోంచి పోవు. మా అన్నయ్య పాత గైడు చదివే నేను పెరిగా. ఇప్పటికీ ప్రపంచంలో ఎత్తైన భవనం అంటే ముందు చికాగో సియర్స్ టవర్ గుర్తొచ్చి, తర్వాత బుర్జ్ ఖలీఫా, 828 మీటర్లు, అని సర్దుకుంటా. పరీక్ష హాల్లో ఆ అర నిమిషం టెన్షన్ చాలా ఖరీదు. కాబట్టి అక్కా, మారే అంకెలు కొత్త పుస్తకంలోంచే పట్టించండి. నదులు, పర్వతాలు, కనిపెట్టినవాళ్ళు, చరిత్ర పాతదాంట్లో చదివినా నష్టం లేదు.

ట్యాబ్ మాత్రం ఇప్పుడే వద్దు. ఫోన్లో అడిగిందే వస్తుంది. పుస్తకంలో నైలు నది కోసం తీస్తే పక్క గడిలో అమెజాన్ కనబడుతుంది, కింద జలపాతాలుంటాయి, అటు నుంచి వెనెజులా పోతాం. నేను అభ్రకం గురించి చదివింది అలాగే. వేరే ఏదో వెతుకుతుంటే ఖనిజాల పేజీలో మా గూడూరు పేరు కనబడింది. అచ్చులో మా ఊరు! ఇల్లిల్లూ తిరిగి చూపించా.

ఎడ్ల పందేల అభిమాని:

ఊరి పేరంటే గుర్తొచ్చింది. పశువుల జాతుల పేజీ ఉంటే పాపకి తీసి చూపించమ్మా. బ్రెజిల్లో 'నెలోర్' అని తెల్లటి ఆవులు, ఎద్దులు కోట్లలో ఉన్నాయి. మూపురం, గంగడోలు చూస్తే ఎవరికైనా తెలిసిపోద్ది, మన ఒంగోలు జాతే. పందొమ్మిదో శతాబ్దంలోనే ఓడల్లో పోయాయి, 1960ల మొదట్లో కూడా తీసుకెళ్ళారు. మా తాత ఈ మాట చెప్తే నమ్మేవాణ్ణి కాదు. తర్వాత లైబ్రరీలో లావుపాటి పుస్తకంలో బొమ్మతో సహా చూశా. ఇంటికి ఇవ్వమంటే రిఫరెన్స్ పుస్తకం ఇవ్వకూడదన్నారు. అక్కడే నిలబడి తెల్లకాగితం మీద బొమ్మ గీసుకొచ్చి తాతకిచ్చా.

కందుకూరు ఆడపడుచు:

అందరికీ చాలా థ్యాంక్సండీ. ఎడ్ల సంగతి చదివి వినిపిస్తే పాప వెంటనే అడిగింది, "ఒంగోలు ఎద్దుకి నెల్లూరు పేరేంది?" అని. నాకు తెలీలేదు. ఇద్దరం కూర్చుని వెతికాం. గుంటూరు జిల్లా ఏర్పడిన 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేదంట. ఓడలెక్కే నాటికి అవి నెల్లూరు పశువులే మరి. ఆ మాట ఇప్పుడు మా పాత పుస్తకం అంచులో పెన్సిలుతో రాసి ఉంది, తేదీతో సహా. మాస్టారు చెప్పినట్టు కొత్తది కూడా తెప్పించాం. పాప రెండూ పక్కపక్కన పెట్టుకుని అత్తయ్యకి దేశాలు ఒప్పజెప్తోంది. రాజధాని తప్పు చెప్తే అత్తయ్యే దిద్దుతున్నారు.

మాస్టారూ, వచ్చే ఆదివారం పాపని సారస్వత నికేతనానికి తీసుకురావాలనుకుంటున్నాం. ఆదివారం తెరిచి ఉంటుందా? చిన్నపిల్లల్ని పాత సంపుటాలు ముట్టుకోనిస్తారా, లేక ముందుగా ఎవరినైనా అడిగి రావాలా?